వెనక సీటు

ఇంటి నుంచి,
ఎండాకాలం చివర

చిన్నా,

మేమిక్కడ క్షేమం అని రాసి, ఆ మాట దగ్గర కాసేపు పెన్ను ఆపాను. మనుషుల సంగతి తర్వాత రాస్తాను. ముందు కారు సంగతి.

కారులో పెట్రోలు వాసన వస్తోంది. ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. వచ్చిన రోజు నా బట్టలకూ జుట్టుకూ పట్టేస్తోంది. నిన్న ప్రెస్సులో నా పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దే ఆవిడ, "రాత్రిళ్ళు పెట్రోలు బంకులో పనికి చేరారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ తర్వాత అచ్చుతప్పు ఒక్కటీ కంటికి ఆనలేదు.

షెడ్డు మేస్త్రికి చూపించాను. బానెట్ ఎత్తాడు, దించాడు. "నలభై ఏళ్ల బండమ్మా, ఆమాత్రం వాసన రాకపోతే అది కారే కాదు" అన్నాడు. మీ బావనడిగితే తనకు ఏ వాసనా రావడం లేదంటారు. ఆయన ముక్కును నమ్ముకోలేం. సర్వే శాఖలో దుమ్ము పీల్చీ పీల్చీ ఆ ముక్కు ఆయనకన్నా ముందే రిటైరైంది.

ఈ కారు లేకపోతే నాకు గడవదు. మీ బావకు మోకాలి ఆపరేషనయ్యాక వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో కాలికి కసరత్తు చేయిస్తున్నారని నీకు తెలుసుగా. బస్సు మెట్టెక్కలేరు. వెనక సీటులో ఒక తలుపుకు వీపు ఆనించి, సీటు పొడవునా కాలు చాపుకుని కూర్చుంటారు. అంత వెడల్పు సీటు ఇప్పటి కార్లలో ఎక్కడుంది? ఏభై దాటాక నీ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్లందరికీ ఇప్పుడు నేనే సారథిని.

ఫోను చేయమని అనకు. ఫోనుండేది మేడమీద టీచరమ్మ ఇంట్లో. అక్కడ మాట్లాడితే వీధంతా వింటుంది. ఏం చేయాలో రాయి.

మీ బావ బాగానే ఉన్నారు. కాస్త అలసట, అంతే.

అక్క


వంతెన క్యాంపు

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ క్రేను ఇంజను ఒకటి మొరాయించి కూర్చుంది, అందుకే జవాబు ఆలస్యమైంది.

ముందు ఒక మాట. వాసన అంటే ఒకటే వాసన కాదు. పచ్చి పెట్రోలు వాసన వేరు, కాలిన పొగ వాసన వేరు. మొదటిది మంటకు భయం, రెండోది మనిషికి భయం. నీకొచ్చేది ఏదో ముందు తేల్చుకో.

పొద్దున్నే ఇంజను వేయకముందు తలుపు తీసి వాసన చూడు. అప్పుడే వస్తే, ట్యాంకు నుంచో గొట్టాల నుంచో ఎక్కడో ఊరుతోందన్నమాట. ఇంజను వేడెక్కాకే వస్తే కార్బురేటరు దగ్గర చూడాలి. ట్యాంకు నింపించిన రోజునే వస్తే, పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకు దాకా ఉండే రబ్బరు గొట్టం చూడాలి. డిక్కీలో పరిచిన గుడ్డ ఎత్తి తడి ఉందేమో చెయ్యి పెట్టి చూడు. చీకటిగా ఉంటే టార్చి పట్టుకో, అగ్గిపుల్ల గీయకు. నవ్వకు. అలా గీసి చూసినాయన ఒకడు మా క్యాంపులోనే ఉన్నాడు, కనుబొమ్మలు ఇంకా మొలవలేదు.

ఇదంతా తేలేదాకా అద్దాలు దించే నడుపు.

బావకు అలసట ఎందుకు? ఆయన ఒక్కరోజులో కొండెక్కి దిగి, సాయంత్రం పటం గీసే మనిషి. కాలు నొప్పా, ఇంకేమైనా ఉందా? సరిగ్గా రాయి.

చిన్న


ఇంటి నుంచి

చిన్నా,

నీ నోట్లో పంచదార పొయ్య, దొరికింది!

నువ్వు చెప్పినట్టే పట్టుకున్నాను. పొద్దున వాసన లేదు. ఇంజను వేడెక్కాకా లేదు. ట్యాంకు నింపించిన రోజు ఎడమకు తిప్పినప్పుడల్లా గుప్పుమంది. డిక్కీలో గుడ్డ ఎత్తి చెయ్యి పెడితే తడి. గొట్టం చుట్టూ వయసు మీరిన పాదాల్లా పగుళ్లు. మేస్త్రిని పిలిచి చూపిస్తే తల గోక్కుని కొత్త గొట్టం వేశాడు. మళ్ళీ ట్యాంకు నిండా పోయించి ఊరంతా ఎడమకే తిరిగాను. వాసన లేదు. ఇప్పుడు ప్రెస్సులో నా పక్కావిడకు మాట్లాడడానికి ఏమీ లేదు.

నిజం చెప్పనా? చాలా రోజుల తర్వాత ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేసినట్టుంది. ఇంట్లో ఈమధ్య ఏదీ తెమలడం లేదు.

అప్పుడప్పుడు కొంచెం పొగ వాసన తగులుతుంది. మన కారుదో, ముందు పోయే లారీదో తెలీదు. ఆస్పత్రి రోడ్డు నిండా లారీలే.

మీ బావ కారులో హాయిగా నిద్రపోతున్నారు. కసరత్తయి వెనక సీటులో కూర్చున్నారంటే చాలు, ఇల్లు చేరేదాకా పసిపిల్లాడిలా నిద్ర. అద్దంలో చూసుకుంటూ, కుదుపు తెలియకుండా నడుపుతాను.

అక్క


వంతెన క్యాంపు

అక్కా,

శభాష్. మా క్యాంపులో ఖాళీ ఉంది, వచ్చి చేరు.

కానీ నీ ఉత్తరంలో పొగ అన్న ముక్క నాకు నచ్చలేదు. లారీదే కావచ్చు. అయినా తేల్చేద్దాం. వానలు మొదలయ్యాయి కాబట్టి ఎలాగూ అద్దాలు ఎక్కించాల్సిందే. పూర్తిగా మూసి నడిపి చూడు. కారులో కారుతున్నదేదైనా ఉంటే మూసినప్పుడు గట్టిగా తెలుస్తుంది. లారీదైతే తగ్గుతుంది.

ఇంకో పని. డిక్కీ తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. కాగితం ముక్క ఒకటి అంచున పెట్టి తలుపు మూసి లాగు. బిగుతుగా ఉంటే రబ్బరు బాగున్నట్టు. సులువుగా ఊడి వస్తే అక్కడ సందు ఉన్నట్టు. చుట్టూ అన్నిచోట్లా అలాగే చూడు.

బావ గురించి అడిగితే నిద్ర గురించి రాశావు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ పక్కదారి పట్టించావు. చిన్నప్పుడు నా పలక పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే వాన గురించి మాట్లాడావు.

చిన్న


ఇంటి నుంచి

చిన్నా,

అద్దాలన్నీ మూసి వారం నుంచి నడుపుతున్నాను. పెట్రోలు వాసన లేదు. పొగ కూడా పెద్దగా తెలియడం లేదు, లారీలదే అయుంటుంది. కాగితం సంగతి చూడలేదు. ఇంట్లో నాకు తీరిక లేదు, ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇవాళ గట్టున పెడుతున్నాను.

మీ బావకు మతిమరుపు వచ్చింది. అందరికీ వచ్చేలాంటిది కాదు. మొదట్లో పేర్లు. డాక్టరు పేరు, మేడమీద టీచరమ్మ పేరు. తర్వాత తలనొప్పులు, వాంతులు. కసరత్తు పడడం లేదేమో అనుకున్నాను. పోయినవారం ఆస్పత్రి నుంచి వచ్చి కారు మన గేటు ముందు ఆపాను. దిగరు. "ఇదెవరి ఇల్లు?" అని అడిగారు. ఈ ఊళ్లో ప్రతి వీధీ గొలుసు పట్టి కొలిచిన మనిషి, చిన్నా. నేను నవ్వులాటకు తీసుకుని "మనదే, దిగండి" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, చాలా మర్యాదగా, "మీరు ఏ ఆఫీసు నుంచి వచ్చారు?" అన్నారు.

గంట గడిచాక మామూలైపోయారు. ఏం జరిగిందో గుర్తుంది కూడా. గోడవైపు తిరిగి పడుకుని, "ఎవరికీ చెప్పకు, నీ తమ్ముడికి అసలే చెప్పకు" అన్నారు. మర్నాడు పొద్దున్నే లేచి పేపరంతా చదివి నాతో వాదన కూడా పెట్టుకున్నారు. మళ్లీ ఆస్పత్రికి వెళ్లొచ్చిన సాయంత్రం అదే వరస. ఆ కసరత్తే ఆయన్ని పీల్చేస్తోందనుకున్నాను.

ఇక్కడి డాక్టరు ఇది మెదడు సంబంధమైన జబ్బు కావచ్చు, పట్నంలో స్కానింగు తీయించండి అన్నాడు. అది నయమయ్యేది కాదన్నట్టు కూడా సూచనగా చెప్పాడు. గురువారం తెల్లవారగానే బయలుదేరుతున్నాం. రైల్లో ఆ కాలితో కూర్చోలేరు, అందుకని కారులోనే. పొద్దెక్కేదాకా ప్రయాణమే. వాన ఆగేలా లేదు.

ఎప్పటి నుంచి అని అడుగుతావు. ఎండాకాలం మొదట్లో కొత్త సైలెన్సరు వేయించిన రోజుల నుంచి అనుకుంటాను. కారు చప్పుడు తగ్గిందని నేను మురిసిపోయిన వారమే ఆయన మొదటిసారి డాక్టరు పేరు కోసం తడుముకున్నారు. అందుకే గుర్తుంది.

భయంగా ఉంది. ఇది ఇంకెవరితోనూ అనలేదు.

అక్క


మీ ఇంటి గుమ్మం దగ్గర,
గురువారం

అక్కా,

నువ్వు ఇంటికి తిరిగి వస్తే ఇది నీకు అందాలని టీచరమ్మ చేతికి ఇస్తున్నాను. ఉత్తరం నాకు ఇవాళ పొద్దున్న అందింది. చివర సైలెన్సరు ముక్క చదివి క్యాంపు ఆఫీసుకు పరిగెత్తి ఫోను చేశాను. టీచరమ్మ మీ తలుపు కొట్టి చూసి, వెళ్లిపోయారని చెప్పింది. ఉండబట్టలేక సిమెంటు లారీ పట్టుకుని వచ్చేశాను. తాళం కనబడింది.

ఆ కారు ఎక్కొద్దు. బావను ఎక్కించొద్దు. పొద్దున్న బాగుంటాడు, కారు దిగితే బాగోడు. నువ్వు ముందు కూర్చుంటావు, నీకేమీ కాదు. ఆయన వెనక కూర్చుంటాడు. కొత్త సైలెన్సరు వేశాకే మొదలైంది. ఇది మెదడు జబ్బు కాదు, కారు పొగ. అందులో ఉండే విషవాయువుకు వాసనే ఉండదు. పొగ వాసన తగ్గిందని నువ్వు ధైర్యపడ్డావు. అద్దాలు మూయమన్నది నేనే.

పట్నం ఆస్పత్రికి ఫోను చేశాను. అలాంటివాళ్లెవరూ ఇంకా రాలేదన్నారు. మళ్లీ చేస్తాను. ఇక్కడే మెట్ల మీద ఉంటాను.

చిన్న


దారిలోని ఆస్పత్రి,
శుక్రవారం

చిన్నా,

మీ బావ బతికారు. ఆ మాట ఒక్కటే నిన్న టీచరమ్మకు ఫోనులో చెప్పి పెట్టేశాను. ఈ ఉత్తరం తెచ్చినాయన లారీ డ్రైవరు. ఆయనకు ముందు టీ ఇప్పించు, తర్వాత చదువు.

ఊరు దాటాక వాన పెరిగింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. కాసేపు ఆయన దారి పక్క మైలురాళ్ల గురించి మాట్లాడారు, తర్వాత నిద్రపోయారు. నాకూ కణతలు పోటెత్తాయి. రాత్రి నిద్ర లేక అనుకున్నాను. సగం దారిలో రైల్వే గేటు పడింది. ముందు లారీలు, వెనక లారీలు. ఇంజను ఆపితే మళ్లీ అందుకోదేమోనని ఆపలేదు. గేటు ఎంతకీ తీయడం లేదు. టీ ఫ్లాస్కు డిక్కీలో పెట్టానని గుర్తొచ్చి దిగాను.

డిక్కీ తలుపు ఎత్తగానే వెచ్చటి గాలి మొహాన కొట్టింది. వాన చినుకులు చల్లగా ఉన్నాయి, ఆ గాలి మాత్రం పొయ్యి దగ్గరి గాలిలా ఉంది. పెట్టె మీద చెయ్యి వేస్తే వేడి. లోపలి బట్టలు పొగచూరిన వాసన. ఆ డిక్కీకీ వెనక సీటుకూ మధ్య ఉన్నది అట్ట ఒక్కటే కదా అని అప్పుడు తోచింది. ఆ అట్టకు ఇవతల ఆయన తల.

తలుపు తీశాను. దానికి ఆనుకునే ఉన్నారు కదా, నా మీదికి ఒరిగిపోయారు. పిలిస్తే పలకలేదు. మొహం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు చూసి మొదట ఆరోగ్యంగా ఉన్నారనుకున్నాను చూడు, అది విషం ఎక్కిన ఎరుపని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఎవరినో పిలిచాను, ఏమని పిలిచానో తెలీదు. గేటు కాపలా ఆవిడా, వెనక లారీ డ్రైవరూ పరిగెత్తుకొచ్చారు. ముగ్గురం కలిసి వానలోనే ఆయన్ని బయటికి లాగాం. గొంతు కింద గుండీలు విప్పాం. ఆ ఆపరేషనైన కాలు ఎలా మడత పడిందో కూడా చూడలేదు.

లారీ ముందు భాగంలో పడుకోబెట్టి, రెండు అద్దాలూ దించే ఉంచి డ్రైవరు ఇక్కడికి తెచ్చాడు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. అన్నిటికన్నా ముందు, "ఎందులో వచ్చారు?" అని అడిగింది. డిక్కీ సంగతి చెప్పాను. వెంటనే ఆక్సిజను పెట్టించి, రక్తం తీయించింది. ఫలితం చూసి నన్ను పక్కకు పిలిచి, కార్బన్ మోనాక్సైడ్ అంది. నా రక్తం కూడా తీసింది. నాలోనూ ఉంది, తక్కువ.

సాయంత్రానికి కళ్లు తెరిచారు. నన్ను చూసి, "కాలు నొప్పిగా ఉంది, ఎవరు మడిచారు?" అన్నారు. అంత తియ్యటి మాట నేను వినలేదు.

కారు గేటు దగ్గరే ఉంది. దాన్ని నువ్వే చూడు. నాకు చూడాలని లేదు.

అక్క


మీ ఇంటి నుంచి

అక్కా,

కారు తెచ్చాను. నాలుగు అద్దాలూ దించి, వానలో తడుస్తూ, తల బయట పెట్టి నడిపాను. దారిలో జనం నన్ను పిచ్చివాణ్ణనుకున్నారు.

నీ ఇంటి ముందే జాకీ మీద ఎత్తి కింద పడుకుని చూశాను. సైలెన్సరు కొత్తదే, ఎక్కడా చిల్లు లేదు. చివరి గొట్టం పొట్టిది. వెనక బంపరు దాటి బయటికి రావాల్సింది, జానెడు లోపలే ఆగిపోయింది. ఇంకేదో బండికి చేసిన గొట్టం తెచ్చి వేశాడు మేస్త్రి. పొగ బయటికి పోకుండా బంపరు కింద సుడి తిరిగి పైకి లేచింది. డిక్కీ రబ్బరు ఎండి చెక్కలా ఉంది. కాగితం పెట్టి మూసి లాగాను. కింద అంచున ఎక్కడ పెట్టినా ఊడి వచ్చింది. ఆ సందు చుట్టూ లోపలివైపు మసి. సీటు వెనక అట్ట మీద, సరిగ్గా బావ తల ఆనే మూల, నల్లటి చార.

మేస్త్రికి చూపించాను. మొహం పాలిపోయింది. ఆ చారను వేలితో తుడిచి చూసుకున్నాడు. తిడదామని వెళ్లినవాణ్ణి తిట్టలేకపోయాను. ఆ గొట్టం వేసిన కార్లు ఇంకా ఎన్ని ఉన్నాయో గుర్తు చేసుకోమన్నాను. ఇద్దరం కలిసి వాటి ఇళ్లకు తిరుగుతున్నాం.

ఇక నా సంగతి. అద్దాలు మూయమని రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే చింపేయి. ఆ వాక్యం రాస్తున్నప్పటి నా చెయ్యి కూడా గుర్తొస్తోంది.

చిన్న


ఇంటి నుంచి,
చలికాలం

చిన్నా,

ఆ ఉత్తరం చింపను. డిక్కీ రబ్బరు చూడమని రాసింది కూడా అందులోనే. చూడనిది నేను. ఇద్దరం వాటాలు వేసుకుంటూ కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది. ఇంతటితో వదిలేయి.

తలనొప్పులు పోయాయి. పేర్లు తిరిగొచ్చాయి, టీచరమ్మ పేరుతో సహా. స్కానింగు తీయించాం. చాలావరకు కోలుకుంటారు, కొంత మాత్రం మిగిలిపోవచ్చు అన్నారు. ఆ కొంత ఎంతో ఎవరూ చెప్పరు. నేను పొద్దున్నే లేచి ఆయన మొదటి మాట కోసం ఎదురుచూస్తాను. పేపరు చదువుతూ విసుక్కుంటే నాకు ఊపిరి ఆడుతుంది. మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, వంటింట్లోంచి ఏదో ఒక వంకతో పేరు పెట్టి పిలిపించుకుంటాను. రాత్రి నిద్రలో ఊపిరి వినబడకపోతే లేచి కూర్చుంటాను. ఆయనకు తెలియకుండా చేస్తున్నాననుకుంటున్నాను.

నువ్వు గొట్టం, రబ్బరు మార్చి పెట్టి వెళ్లినప్పటి నుంచి కారు అలాగే ఉంది. తాళంచెవి ముట్టుకోలేదు. ఆస్పత్రికి టీచరమ్మ అన్నగారి వ్యానులో వెళ్తున్నాం. అమ్మేద్దామనుకుంటున్నాను. ఎవరికైనా కావాలంటే చెప్పు.

అక్క


ఇంటి నుంచి

ఒరే స్పానర్,

మీ అక్క నా ఊపిరి లెక్కపెట్టడం నాకు తెలుసు. నిద్ర నటిస్తూ పడుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు. ఆవిడ లేచి కూర్చోగానే కాస్త గట్టిగా గురక పెడతాను. అప్పుడు పడుకుంటుంది. ఇది నీలోనే ఉంచుకో.

ఇంకోటి కూడా నీకే చెప్తున్నాను. వెనక సీటులో కూర్చుంటే తల దిమ్మెక్కుతోందని నాకు మొదటి నెలలోనే తెలిసింది. చెప్పలేదు. ముక్కు పనిచేయదు కాబట్టి పొగని అనుకోలేదు. నా బుర్రే చెడిపోతోందనుకున్నాను. చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఆయన దానికొక పేరు పెడతాడు. ఆ పేరు వినడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకే మీ అక్కచేత ఒట్టు వేయించాను. ఆవిడ ఆ ఒట్టు తప్పింది కాబట్టే నువ్వు పరిగెత్తుకొచ్చావు. ఇప్పుడు ఆస్పత్రిలో ఏది ఉన్నా ఉన్నట్టే చెప్పేస్తున్నాను. డాక్టరు కూడా విసుక్కుంటున్నాడు.

నిన్న కర్ర పట్టుకుని ఒక్కణ్ణే పోస్టాఫీసుకు వెళ్లాను. పోవడం బాగానే పోయాను. వచ్చేటప్పుడు బట్టల దుకాణం మూలలో ఆగిపోయాను. ఎడమకా, కుడికా? ఆ మూలకు సర్వే రాయి పాతింది నేనే. దుకాణంలో మడతలు పెడుతున్న ఆవిణ్ణి దారి అడిగాను. చెప్పింది. వచ్చాను. మీ అక్క గేటులో నిలబడి ఉంది. ఆలస్యమెందుకని అడగలేదు. నేనే చెప్పాను. కాసేపు ఏడ్చింది, తర్వాత టీ పెట్టింది. కాబట్టి కొంత మిగిలిందన్న మాట నిజమే. దాంతోనే కాపురం చేయాలి.

ఇప్పుడు అసలు పని. కారు అమ్మడానికి వీల్లేదు. ఆవిడ దాన్ని చూస్తే భయపడుతోంది. ఆ భయం ముదిరితే ఇక ఎప్పటికీ స్టీరింగు పట్టదు. నువ్వు వచ్చే ఆదివారం సెలవు పెట్టి రా. నువ్వు మార్చిన గొట్టం, నువ్వు వేసిన రబ్బరు కాబట్టి వెనక సీటులో నువ్వే కూర్చో. అద్దాలు మూద్దాం. ఊరు చుట్టి వచ్చేసరికి నీకు నీ పేరు గుర్తుంటే కారు బాగున్నట్టు.

కాలు ఇప్పుడు వంగుతోంది. నేను ముందు, ఆవిడ పక్కన కూర్చుంటాను. దారి నేను చెప్తాను. తప్పు చెప్పినా సరే, ఆవిడ అటే తిప్పుతానని మాటిచ్చింది. నువ్వు వెనక నుంచి నోరెత్తకు.

నీ బావ